ఐదు కుర్చీల ఆంటీ

ఆంటీ పోయిందన్న కబురు నాకు మా అపార్ట్‌మెంట్ బ్లాక్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పైన లిఫ్టు రిపేరు నోటీసు, కింద ఎవరిదో తప్పిపోయిన పిల్లి ఫోటో, మధ్యలో రెండు లైన్లు. మూడో అంతస్తు ఆంటీ నిన్న హాస్పిటల్లో పోయారు, ఇవాళంతా కింద ఉంచుతారు, చూడాలనుకున్నవాళ్లు రావచ్చు అని.

అప్పుడే ఆఫీసుకని రాఫెల్స్ ప్లేస్‌లో ట్రైన్ దిగాను. ఎస్కలేటర్ మీద పైకి వచ్చేలోపు ఆ రెండు లైన్ల కింద ముప్పై దణ్ణాల బొమ్మలు పడ్డాయి. ఒళ్లు మండింది. ఆ ముప్పై మందీ అదే బ్లాకులో ఉంటారు. లిఫ్టు ఎక్కితే రెండు నిమిషాల్లో ఆవిడ ముందు నిలబడొచ్చు. ఆ మాటే గ్రూపులో టైపు చేశాను. పంపబోతూ చూసుకుంటే, నా వేలు అప్పటికే ఒక దణ్ణం బొమ్మ నొక్కేసి ఉంది. ముప్పై ఒకటోది నాదే. టైపు చేసిందంతా చెరిపేసి, ఆఫీసుకి సెలవని మెసేజ్ పెట్టి, ఎదురు ట్రైన్ ఎక్కి ఇంటికి, బెడోక్ వచ్చేశాను.

ఆవిడ పేరు నాకు అంతవరకూ తెలీదు. ఏళ్ల తరబడి ఒకే లిఫ్టులో తిరిగాం, ఒకే బల్ల దగ్గర కూర్చుని పోట్లాడుకున్నాం, పేరు అడగలేదు. ఇవాళ ఫోటో కింద రాసి ఉంటే చదివాను. పొడుగాటి పేరు. ఆవిడకి నప్పలేదు. నాకు ఆవిడ ఆంటీయే, అలాగే రాస్తాను.

పొట్టి మనిషి. పూల బ్లౌజు, నేల దాకా లుంగీలాంటి సరోంగు, నడినెత్తిన నిమ్మకాయంత ముడి. ఎక్కడ నిలబడినా కాళ్లు రెండూ ఎడంగా పెట్టి, దేన్నీ పట్టుకోకుండా, భూమి ఏ క్షణంలోనైనా కుదుపిస్తుందన్నట్టు నిలబడేది. వయసులో ఉండగా బస్ కండక్టరుగా చేసింది. కండక్టర్లని తీసేసి డ్రైవర్లతోనే బస్సులు నడపడం మొదలెట్టాక, ఒక స్కూలు క్యాంటీన్లో చేరి రిటైరయింది. కానీ బస్సు దిగినట్టు ఆవిడకి తెలియలేదు. లిఫ్టులో నలుగురుంటే చాలు, లోపలికి జరగమని చైనీస్‌లో ఒకసారి, మలయ్‌లో ఒకసారి, తమిళంలో ఒకసారి చెప్పేది. ఎక్కినవాళ్లని కళ్లతోనే లెక్కపెట్టేది. బయట ఎవరైనా పరిగెత్తుకొస్తుంటే తలుపు మధ్య కాలు పెట్టి ఆపేది. దానివల్ల ఆ లిఫ్టు ఎన్నిసార్లు పాడయిందో మెకానిక్‌ని అడగాలి.

వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చాడట. ఆవిడ ఆంధ్రా ఎన్నడూ చూడలేదు. ఆ తాత ఓడ ఎక్కినప్పుడు ఏ తెలుగు పట్టుకొచ్చాడో అదే తెలుగు ఆవిడ నోట్లో ఉండేది, మధ్యలో తమిళం, మలయ్ ముక్కలు కలిసి. మేము హైదరాబాద్ నుంచి వచ్చిన కొత్తలో మా అమ్మ ఆ భాష విని తలుపేసుకుని నవ్వింది. నాకప్పుడు పదిహేనేళ్లు. నాన్నకి ఇక్కడి బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మేం దిగిన మొదటి రెండేళ్లలో మా చుట్టుపక్కల బ్లాకుల్లోకి నెలకొక తెలుగు కుటుంబం దిగేది, అందరికీ ఒకే ఐటీ, ఒకే రకం సూట్‌కేసులు. ఎవరెప్పుడు దిగారో, ఎవరెప్పుడు వెళ్లిపోయారో కూడా తెలిసేది కాదు.

మొదటిసారి లిఫ్టులో నన్ను చూసి, "ఏటే గుంటా, తెలుగోల పిల్లవి కావేటి? మక్కాన్ అయ్యిందా?" అంది. తిన్నావా అని. నేను ఎస్సెమ్మెస్ కొడుతూ తలెత్తకుండా ఇంగ్లీషులో అయిందన్నాను.

"ఇంగిలీసు నాకూ వచ్చు. నాలుగు బాసల్లో తిట్లు తిన్న మడిసిని," అంది.

అక్కడితో మా పరిచయం అయిపోయేదే. బాస్కెట్‌బాల్ వల్ల కాలేదు.

మా బ్లాకు పక్కన ఒక సగం కోర్టు ఉండేది. ఒకటే రింగు, ఒకటే బోర్డు, గీతలు సగం చెరిగిపోయిన నేల. హైదరాబాద్‌లో స్నేహితుల్ని వదిలేసి వచ్చిన నాకు, రోజూ స్కూల్ అయ్యాక ఆ రింగు దగ్గరికి వెళ్తేనే ఎవరైనా పేరు పెట్టి పిలిచేవాళ్లు. ఐదో అంతస్తు ఫైజల్ అక్కడే దొరికాడు. ఈ దేశంలో నాకు ఇల్లు దొరికింది ఫ్లాట్‌లో కాదు, ఆ కోర్టులో. నాకు పదిహేడో ఏడు నడుస్తుండగా లిఫ్టు పక్కన బోర్డులో ఒక నోటీసు అంటించారు. కోర్టు తీసేసి అక్కడ గులకరాళ్ల దారి వేసే ఆలోచన ఉంది, చెప్పులు విప్పి నడిస్తే పెద్దవాళ్ల అరికాళ్లకి మంచిది, బ్లాకు కమిటీ దీనిమీద నిర్ణయం తీసుకుంటుంది అని.

నేను నోటీసుని ఫోన్‌తో ఫోటో తీసి, తెలిసిన ప్రతివాడికీ పంపి, రెండు బూతులు కూడా జోడించాను. వెనక నుంచి ఆంటీ ఎవరికి పంపావని అడిగింది. అందరికీ అన్నాను. కమిటీకి పంపావా అంది. పెద్దవాళ్లు మేం చెప్తే వింటారా అన్నాను.

"ఇనరు. నానే ఇనను," అంది. "ఆ రాళ్ల దారి అడిగిందే నాను. నా మోకాళ్లకి అది కావాల. నీకు బంతాట కావాల. ఇద్దరం అక్కడ కూకుని సెప్పాల. నువ్వు లేకుండా నాను గెలిస్తే అది గెలుపేటి?"

దారి అడిగింది నేనే అన్న ముక్క ఆవిడ మొదటి రోజే చెప్పింది. నేను వినలేదు. రెండో ముక్కే విన్నాను. ఈవిడ మన పార్టీ అనుకున్నాను.

కమిటీ అంటే ఆరుగురు. రిటైరయిన టీచరొకాయన చైర్మన్, ఫైజల్ వాళ్ల తాత, మా ఆంటీ, ఇంకో ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకాయన చంకలో ఎప్పుడూ ఒక ఫైలుంటుంది కాబట్టి మేం ఫైలంకుల్ అనేవాళ్లం. నెలకోసారి శనివారం నాలుగింటికి, బ్లాకు కింద గోడల్లేని ఖాళీ అంతస్తులో, వాయిడ్ డెక్ అంటారు, పొడుగు బల్ల వేసుకుని కూర్చుంటారు. కుర్చీలు పదకొండు. ఆరు కమిటీకి, ఐదు వచ్చినవాళ్లకి, సామాన్లకి, ఫైలంకుల్ ఫైలుకి.

ఆంటీ కమిటీలో చెప్పిందట, ఆరుబయటి స్థలం గురించి నిర్ణయం అయితే పిల్లలకి కూడా ఓటుండాలని. చైర్మన్ నవ్వి, పిల్లల అభిప్రాయం తప్పకుండా తీసుకుంటాం, ఒక ఫారం పంచుదాం అన్నాడట.  మరుసటి నెల ఆవిడ మూడున్నరకే కిందకి దిగి, బల్ల చుట్టూ ఐదు కుర్చీల మీద ఐదు టిష్యూ ప్యాకెట్లు పెట్టింది.

ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి ఇంక చెప్పక్కర్లేదు. తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో మధ్యాహ్నం ఎంత రద్దీగా ఉన్నా, చేతిలో వేడి గిన్నె కాలిపోతున్నా, టిష్యూ ప్యాకెట్ ఉన్న కుర్చీలో ఎవడూ కూర్చోడు. అది చోప్ చేసిన, అంటే ముందే పట్టిపెట్టుకున్న కుర్చీ. ఎవరిదో తెలియకపోయినా ఎవరిదో ఒకరిది. ఈ మర్యాద తప్పినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

ఆ శనివారం మీటింగు చూడ్డానికి వచ్చిన ఇద్దరు ముసలాళ్లు నిలబడే ఉన్నారు. ఫైలంకుల్ ఫైలు ఒళ్లో పెట్టుకున్నాడు. ఎవరికోసం చోప్ చేశారని అడిగితే, రావాల్సినవాళ్లకి అందట ఆంటీ. మరుసటి నెలా అంతే, ఆ పై నెలా అంతే. మూడో నెల నిలబడి కాళ్లు లాగిన ముసలాయన ఒకాయన, ఆ పిల్లల్ని రానియ్యండి లేకపోతే ఆ ప్యాకెట్లు తియ్యండి, ఏదో ఒకటి తేల్చండి అని అరిచాడట. ఆ ప్యాకెట్లు తీసే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. చివరికి చైర్మన్ ఒప్పుకున్నాడు. ఆరుబయటి స్థలం విషయాల్లో, ఇరవై ఒకటి దాటని ఐదుగురికి ఓటు. కాకపోతే కుర్చీలో మనిషుండాలి. కోర్టు సంగతికి నెలాగకుండా వచ్చే శనివారమే ఇంకో మీటింగు.

ఆంటీ వచ్చి మా తలుపు కొట్టింది. "ఐదు కుర్సీలు. ఐదుగురు మడుసులు. బోలే?" అంది. కుదురుతుందా అని. అవుతుందన్నాను. అమ్మ టీ పెడతానంటే వద్దని వెళ్లిపోయింది. నాన్న మాత్రం మనం ఎన్నాళ్లుంటామో తెలీదు, ఈ ఊరి గొడవలు మనకెందుకన్నాడు. నేను తలుపేసుకుని ఫోన్ తీశాను.

ఆ వారం రోజులూ నా బొటనవేలు ఆగలేదు. బ్లాకులో, పక్క బ్లాకులో, క్లాసులో, మొత్తం నలభై ముగ్గురి దగ్గర్నుంచి కోర్టు కావాలని ఎస్సెమ్మెస్‌లు తెప్పించాను. ఒకడైతే పదిసార్లు పంపాడు, వాణ్ణి ఒకటిగానే లెక్కపెట్టాను. న్యాయంగా ఉన్నాననుకున్నాను. ఐదుగురిలో ముగ్గురు ముందురోజు సాయంత్రం ట్యూషన్ ఉందని, పరీక్ష ఉందని చెప్పారు. పర్లేదు, మెసేజ్ పెట్టారుగా అన్నాను. అప్పటికి నాకు నిజంగా పర్లేదనే అనిపించింది. ఐదుగురు కాదు, నలభై ముగ్గురున్నారు నా జేబులో.

మీటింగులో నేనూ ఫైజలూ కూర్చున్నాం. మా పక్కన మూడు టిష్యూ ప్యాకెట్లు అలాగే ఉన్నాయి. చైర్మన్ నన్ను మాట్లాడమన్నాడు. నేను ఫోన్ బల్లమీద పెట్టి, ఇదిగో నలభై మూడు ఓట్లు, చదువుకోండి అన్నాను. ఫైలంకుల్ తన కళ్లజోడు సర్దుకుని ఆ చిన్న తెరలోకి చూసి, మీ నాన్నగారిది ఐటీ కదా, ఇంకో రెండేళ్లుంటారా ఇక్కడ అని అడిగాడు. మెత్తగానే అడిగాడు. నాకు తిక్క రేగింది. మీరింకో రెండేళ్లుంటారని గ్యారంటీ ఏంటన్నాను.

 ఆయనకప్పుడు డెబ్బై ఆరేళ్లు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఫైజల్ బల్లకింద నా కాలు తొక్కాడు. వాళ్ల తాత తల వంచుకున్నాడు.

చైర్మన్ ఓటు పెట్టాడు. కోర్టు ఉండాలన్నవాళ్లు: నేను, ఫైజల్, వాళ్ల తాత. రాళ్ల దారి కావాలన్నవాళ్లు ఐదుగురు. ఆ ఐదో చెయ్యి ఆంటీది. మోచెయ్యి వంచకుండా, బస్సు ఆపమన్నట్టు నిటారుగా ఎత్తింది.

మీటింగు అయ్యాక లిఫ్టు దగ్గర పట్టుకున్నాను. నోటికొచ్చినట్టు అన్నాను. మమ్మల్ని పిలిచింది అవమానించడానికా అన్నాను, మీరు చెయ్యి మా వైపు ఎత్తుంటే నాలుగూ నాలుగూ అయ్యేదన్నాను, ముసలాళ్లంతా ఒకటే అన్నాను. లిఫ్టు వచ్చి వెళ్లిపోయింది. జీవితంలో మొదటిసారి ఆవిడ దాని తలుపు మధ్య కాలు పెట్టలేదు.

"నీకు కుర్సీ ఇప్పించినాను. నా సెయ్యి కూడా ఇస్తానని ఎప్పుడన్నానే?" అంది. "ఐదు కుర్సీలేసినాను. మూడు కాళీ. ఆళ్లు ముగ్గురూ కూకునుంటే ఆరు మీవి, ఐదు మావి. నా సెయ్యి నీకు అక్కర్లేదు."

ఫోన్‌లో అందరూ ఉన్నారన్నాను.

"బస్సులో కూకున్నోడికే టిక్కెట్టు," అంది. తర్వాత లిఫ్టుకి ఆగకుండా, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయింది.

నెల రోజులు ఆవిడతో మాట్లాడలేదు. రింగు పీకేసిన రోజు కోర్టు వైపు వెళ్లకుండా పక్క బ్లాకు చుట్టూ తిరిగి ఇంటికొచ్చాను. పనివాళ్లు సిమెంటులో గులకరాళ్లు ఒక్కొక్కటే నిలబెట్టి గుచ్చుతున్నారు. పైనుంచి చూస్తే ఎంత ఓపిగ్గా, ఎంత అందంగా చేస్తున్నారో కనపడేది, అదీ కోపమే తెప్పించేది. ట్యూషన్‌కెళ్లిన ముగ్గురూ ఏదీ నీ నలభై మూడు అని నన్నే ఎద్దేవా చేశారు. ఒకడి మీద చెయ్యి చేసుకోబోయాను. నిజానికి కుర్చీ ఖాళీగా ఉంచింది వాడే, వాడితో పర్లేదని చెప్పింది నేనే. ఇది ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు ఒప్పుకోలేదు.

ఇంతలో ఫైజల్ తాత ఒక కబురు చెప్పాడు. పిల్లలకి కుర్చీలిస్తే ఐదుగురిలో ఇద్దరొచ్చారు, అందులో ఒకతి పెద్దాయన్ని నోటికొచ్చినట్టు అంది, ఆ ఐదు కుర్చీలూ తీసేద్దామని ఫైలంకుల్ ప్రతిపాదన పెట్టాడట. వచ్చే శనివారం ఓటు. ఆంటీ ఏమందని అడిగాను. ఏమీ అనలేదు అన్నాడు.

తీసేస్తే తీసేసుకోనీ అన్నాను. ఆ రాత్రి అన్నం తింటూ అమ్మతోనూ అదే అన్నాను. అమ్మ, "మంచిగైంది, ఇగ చదువుకో," అంది. దానికెందుకో ఇంకా కోపమొచ్చింది. మీటింగుకి పొమ్మంటే పోయేదాన్ని కాదేమో. మంచిగైందంటే పడలేదు.

ఈసారి ఎవరికీ మెసేజ్ పెట్టలేదు. నాలుగు తలుపులు కొట్టాను. ఎస్సెమ్మెస్‌లో పది సెకన్లలో అయ్యే పని నాలుగు సాయంత్రాలు పట్టింది. ఒకడి వాళ్లమ్మ ట్యూషన్ మార్చడం కుదరదంటే గుమ్మంలో అరగంట నిలబడ్డాను. ఎద్దేవా చేసినవాడి దగ్గరికి చివర్న వెళ్లాను. వాడు తలుపు సగమే తెరిచి, సారీ చెప్పు, వస్తానన్నాడు. చెప్పాను. అది నా జీవితంలో అతి పొట్టి సారీ.

శనివారం నాలుగింటికి ఐదు కుర్చీల్లో ఐదుగురం కూర్చున్నాం. ముందుగా నేను లేచి ఫైలంకుల్‌కి, పోయిన నెల అన్న మాట తప్పని చెప్పాను. ఆయన తలూపాడు, క్షమించాడో లేదో తెలీదు. తర్వాత, వాళ్ల కుర్చీల మీద వాళ్లే ఓటేసుకోవడం ఏం న్యాయమని చైర్మన్‌ని అడిగాడు. నాకు మళ్లీ తిక్క రేగింది. కానీ ఈసారి అది నోట్లోకి వచ్చేసరికి మాటగా మారింది. అంకుల్, ప్రతి ఏడూ మీ పదవుల మీద మీరూ ఓటేసుకుంటారు కదా అన్నాను. ఫైజల్ తాత దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చైర్మన్ మా ఓట్లు కూడా లెక్కలోకే అన్నాడు.

తీసెయ్యాలన్నవి నాలుగు చేతులు. వద్దన్నవి ఆరు. మేం ఐదుగురం, ఫైజల్ తాత. ఆంటీ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఎటూ ఎత్తలేదు. మా ఐదు చేతుల్నీ మాత్రం ఎడమ నుంచి కుడికి కళ్లతో లెక్కపెట్టింది.

అయిపోయిందనుకున్నాను. కానీ ఆరోజు రెండో అంశం ఒకటుంది. ఆంటీ అడిగిందే. రాళ్ల దారి పూర్తయింది, కానీ గులకరాళ్ల మీద ముసలాళ్లకి కాలు నిలవడం లేదు, దారికి రెండు వైపులా పట్టుకోడానికి కమ్మీలు వెయ్యాలని. అదీ ఆరుబయటి స్థలమే. మా ఐదుగురికీ ఓటుంది.

నా పక్కవాడు చెవిలో, ఇప్పుడు మన టైమ్ అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. కోర్టు తీసినవాళ్లకి కమ్మీ కూడా కావాలా? మేం ఐదుగురం వద్దంటే, వాళ్లలో ఎవరో ఒకరు ఖర్చు ఎక్కువని మా వైపొస్తే చాలు. చైర్మన్ ఎవరికైనా అభ్యంతరమా అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. ఆవిడ మొహం చూడాలని ఆవిడ వైపే చూస్తూ ఎత్తాను.

కారణం అడిగాడు చైర్మన్. నా దగ్గర లేదు. ఆంటీ బల్ల మీదకి కొంచెం వంగింది. అందరి ముందూ, కానీ నాకు మాత్రమే అర్థమయ్యేలా తెలుగులో అడిగింది.

"నీకెందుకొద్దో సెప్పు. కోపమైతే కోపమని సెప్పు, అదీ రాసుకుంటారు."

వెటకారం కాదది. నిజంగా రాయించేది కూడా. మినిట్స్ పుస్తకంలో ఫలానా అమ్మాయి కమ్మీ వద్దంది, కారణం కోపం, అని ఉండిపోయేది. అందరూ నా వైపు చూస్తున్నారు.  ఫోన్ పట్టుకుందామని చూస్తే అది జేబులో ఉంది. ఆవిడ రోజూ మెట్ల దగ్గర మోకాళ్లు పట్టుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. చూస్తూ ఎత్తిన చెయ్యి అది.

చెయ్యి దించేశాను. నా దగ్గర కారణం లేదు అన్నాను ఇంగ్లీషులో.

అప్పుడు ఫైజల్ మాట్లాడాడు. తన దగ్గరుందన్నాడు. కోర్టు పోయాక మేమంతా ఆ దారి మీదుగా వెనక ఉన్న గడ్డి మైదానంలోకి దిగి ఆడుతున్నాం, సైకిళ్లు అటునుంచే తోసుకెళ్తాం, రెండు వైపులా కమ్మీ వేస్తే అది కంచె అయిపోతుంది, బ్లాకు మొత్తం చుట్టి రావాలి, చిన్నపిల్లలు కార్ పార్కింగ్‌లోంచి రావాలి, అన్నాడు. నిదానంగా, వేలితో బల్లమీద గీసి చూపించాడు. ఆంటీ లేచి అతని వెనక్కి వెళ్లి, ఆ కనపడని గీతల్ని వంగి చూసింది. సైకిళ్లు ఎటునుంచి వస్తాయని రెండుసార్లు అడిగింది. తర్వాత తన కుర్చీకి వచ్చి కూర్చుని, ఒకవైపు చాలు, గోడ వైపుది, మైదానం వైపుది కొట్టెయ్యండి అని చైర్మన్‌తో చెప్పింది.

పదకొండు చేతులూ లేచాయి. నాదీ లేచింది, ఈసారి ఆవిడ వైపు చూడకుండా.

లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం. రెండు కమ్మీలుంటేనే కదా మీకు బాగుండేది అని అడిగాను. కుడి మోకాలు మరీ నొప్పి, అటు వైపు కమ్మీ ఉంటే తిరిగొచ్చేటప్పుడు పట్టుండేది అంది. మరెందుకు ఒప్పుకున్నారన్నాను.

"ఆ గుంటడు కారణం సెప్పినాడు కదే," అంది, ఇంతకంటే చెప్పేదేముందన్నట్టు. మూడో అంతస్తు రాగానే దిగిపోయింది.

నాకు ఇరవై ఒకటి నిండేదాకా ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. ఆవిడా నేనూ ఒకే వైపు చెయ్యెత్తిన సందర్భాలు చాలా తక్కువ. వాయిడ్ డెక్‌లో సాయంత్రాలు మ్యూజిక్ వద్దంది, పోట్లాడాను, ఓడిపోయింది. సైకిల్ స్టాండు నేను లిఫ్టు ముందు పెట్టమన్నాను, కుదరదంది, ఓడిపోయాను. ప్రతిసారీ కారణం అడిగేది. ఒక్కోసారి నా కారణం విని మొహం చిట్లించి, ఇంకా బాగా ఆలోచించి రమ్మన్నట్టు చేత్తో సైగ చేసేది. మేం మాత్రం వెళ్లిపోలేదు. ఆ రెండేళ్ల లెక్క ఎప్పుడో దాటిపోయింది.

ఇవాళ ఆవిడ ముందు కాసేపు నిలబడి, బయటకి వచ్చి ఆ దారి వైపు వెళ్లాను. స్కూళ్లు అప్పుడే వదిలారు. గోడ వైపు కమ్మీకి ఆకుపచ్చ రంగు వేశారు గానీ, మోచేతి ఎత్తున పొడుగునా రంగు లేచిపోయి ఇనుము మెరుస్తోంది. ఒక ముసలాయన అది పట్టుకుని రాళ్ల మీద ఒక్కో అడుగూ వేస్తున్నాడు. కమ్మీ లేని రెండో వైపు ఇద్దరు పిల్లలు సైకిళ్లు తోసుకుంటూ, ఆయన దాటేదాకా ఆగి, మైదానంలోకి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లిన చోట గడ్డి మొలవదు, అంతమంది నడిచారు.